సాకెట్ నంబరు కలిసినంత మాత్రాన మదర్‌బోర్డు కొనేయకండి

మీరు అడిగింది ఇది: సొంతంగా బిగించుకున్న కంప్యూటర్‌లో మదర్‌బోర్డు పోయింది. ఐ5-7400 ప్రాసెసర్, రెండు 8 జీబీ డీడీఆర్4 ర్యాములు, చిన్న క్యాబినెట్ మిగిలాయి. 'సాకెట్ 1151' (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) అని రాసి ఉన్న ఏ బోర్డు తెచ్చినా సరిపోతుందా?

సరిపోదు. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నాకు రెండు రాత్రుల నిద్ర, ఒక పనికిరాని బోర్డు ఖర్చయ్యాయి. అందుకే జవాబు కాస్త పొడుగైంది.

నాది ఐ5-6500, మీ ప్రాసెసర్‌కు ఒక తరం ముందుది (గీత తర్వాతి మొదటి అంకె తరాన్ని చెబుతుంది: మీది ఏడో తరం, నాది ఆరో తరం). ఒక రోజు కరెంటు పోయి వచ్చాక బోర్డు మరి లేవలేదు. ప్రాసెసర్ వివరాల్లో 1151 అని ఉంది, కొత్త బోర్డు పెట్టె మీదా 1151 అనే ఉంది. ఇంకేం కావాలనుకుని బీ360 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను బోర్డులోని మిగతా భాగాలతో కలిపే చిప్) ఉన్న బోర్డు కొన్నాను. ప్రాసెసర్ అంచున ఉండే రెండు గాట్లు సాకెట్‌లో ముచ్చటగా కూర్చున్నాయి. ప్రాసెసర్‌ను నొక్కి పట్టే లివర్ హాయిగా పడింది. బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. ఫ్యాన్లు తిరగడమే నన్ను మోసం చేసింది. బోర్డుకు ప్రాణం ఉందని నమ్మి, తప్పంతా ర్యాముదే అనుకున్నాను. ర్యాములను ఈ స్లాట్ నుంచి ఆ స్లాట్‌కు మార్చాను, బయోస్ (బోర్డును లేపే తొలి ప్రోగ్రాము) బ్యాటరీ తీసి పెట్టాను, స్నేహితుడి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) అరువు తెచ్చి తగిలించాను. అన్నీ అయ్యాక, మొట్టమొదట చేయాల్సిన పని చివరికి చేశాను: ఆ బోర్డు తయారీదారు వెబ్‌సైటులో ఏయే ప్రాసెసర్లు పనిచేస్తాయో చెప్పే జాబితా తెరిచాను. అది ఎనిమిదో తరంతో మొదలైంది. నాది అందులో లేనే లేదు.

సంగతి ఏమిటంటే, 1151 అనేది సాకెట్‌లోని పిన్నుల లెక్క మాత్రమే. ఇంటెల్ ఆరు, ఏడు తరాల ప్రాసెసర్లకు 100, 200 శ్రేణి చిప్‌సెట్లు వచ్చాయి. 2017 అక్టోబరులో ఎనిమిదో తరం వచ్చినప్పుడు కోర్లు (ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే భాగాలు) పెరిగాయి, వాటికి తగ్గట్టు విద్యుత్ కూడా ఎక్కువ కావాల్సి వచ్చింది. అంతకు ముందు ఖాళీగా అట్టిపెట్టిన 46 పిన్నుల్లో కొన్నిటిని విద్యుత్ సరఫరాకు, గ్రౌండ్‌కు (కరెంటు తిరిగి వెళ్లే దారికి) మళ్లించి, 25 మాత్రమే ఖాళీగా వదిలారు. సాకెట్ ఆకారం మారలేదు, పిన్నుల లెక్క మారలేదు, లోపలి పని మారిపోయింది. పేరొకటే, తీరు వేరు. కాబట్టి 300 శ్రేణి బోర్డులు, అంటే హెచ్310, బీ360, బీ365, హెచ్370, జడ్370, జడ్390, ఎంత చవకగా దొరికినా మీకు అక్కరకు రావు.

మీకు కావాల్సింది 200 శ్రేణి: బీ250, హెచ్270, జడ్270. వీటిలో బీ250 చాలు. జడ్270కు అదనంగా పెట్టే ఖర్చు ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను మామూలు వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం) కోసం. మీ ప్రాసెసర్ పేరు చివర 'కె' అక్షరం లేదు కనుక ఆ సౌకర్యం మీకు వృథా.

100 శ్రేణిలోని హెచ్110, బీ150, హెచ్170, జడ్170 కూడా మీ ప్రాసెసర్‌తో పనిచేస్తాయి, కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ చిప్‌సెట్లు 2015లో వచ్చాయి, మీ ప్రాసెసర్ 2017 జనవరిలో వచ్చింది. బోర్డులో పాత బయోస్ ఉంటే దానికి మీ ప్రాసెసర్ ఎవరో తెలియదు. బయోస్ కొత్తది ఎక్కించాలంటే బోర్డు లేవాలి, బోర్డు లేవాలంటే దానికి తెలిసిన ఆరో తరం ప్రాసెసర్ కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టుంటుంది వ్యవహారం. నాది ఆరో తరం కాబట్టి ఈ బాధ నాకు తగల్లేదు, మీకు తగులుతుంది. ప్రాసెసర్ల జాబితాలో ఒక్కో పేరు ఎదురుగా కనీసం ఏ బయోస్ వెర్షన్ ఉండాలో రాసి ఉంటుంది. అమ్మే వ్యక్తిని 'ఈ బోర్డులో ఇప్పటిదాకా ఏ ప్రాసెసర్ వాడారు?' అని అడగండి. ఏడో తరానిది ఏదైనా వాడి ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు.

ర్యాము విషయంలో ఒక జాగ్రత్త. ఈ తరం ప్రాసెసర్లు డీడీఆర్4తో పాటు తక్కువ వోల్టేజీ డీడీఆర్3ని కూడా భరిస్తాయి. అందుకని హెచ్110 బోర్డుల్లో కొన్నిటికి డీడీఆర్3 స్లాట్లే పెట్టారు. మీ ర్యాములు అందులో దిగవు; గాటు స్థానం వేరు, బలవంతం చేస్తే స్లాటే విరుగుతుంది. మోడల్ పేరులో 'డీ3' లాంటి తోక కనిపిస్తే పక్కన పెట్టేయండి.

ఇంత పాత తరానికి మీకు దొరికేది ఎక్కువగా వాడిన బోర్డే. నేను కొన్న రెండో బోర్డూ అలాంటిదే, బీ250. అది లేచింది, కానీ ఒక ర్యాము కనిపించలేదు. భూతద్దంతో చూస్తే సాకెట్ మూలన ఒక్క పిన్ను తల వంచుకుని ఉంది. అమ్మిన మనిషి 'పంపినప్పుడు బాగానే ఉంది' అన్నాడు. నిజమే కావచ్చు, నేనే వంచి ఉండవచ్చు. చూడకుండా బిగించాను కనుక వాదించే హక్కు నాకు లేకపోయింది. సన్నని సూదితో అరగంట కష్టపడి లేపాను. చేయి వణికేవాళ్లకు ఆ పని సిఫారసు చేయను. అంతకంటే కొనే ముందే సాకెట్ మూత తీసి ఫొటో పంపమని అడగండి. చేతికి వచ్చాక ఫోన్ లైటు ఏటవాలుగా వేసి చూడండి. పిన్నులన్నీ ఒకే తీరున మెరవాలి. వరి మడిలో ఒక మొక్క పడిపోతే ఎలా తెలుస్తుందో, వంగిన పిన్ను కూడా అలాగే కంటికి ఆనుతుంది. సాకెట్‌కు ప్లాస్టిక్ మూత లేకుండా వచ్చే బోర్డునైతే నేను ఇక ముట్టను. వెనక పోర్టుల చుట్టూ బిగించే రేకు కూడా అడిగి తీసుకోండి. అది ఆ మోడల్‌కే సరిపోతుంది, విడిగా దొరకడం కష్టం.

రెడీమేడ్‌గా అమ్మే బ్రాండెడ్ కంప్యూటర్ల నుంచి ఊడదీసిన బోర్డులు చవకగా కనిపిస్తాయి. వాటి జోలికి వెళ్లకండి. చాలా వాటిలో విద్యుత్ కనెక్టర్ మామూలు 24 పిన్నులది కాదు, ముందు బటన్ల తీగలు వేరు, స్క్రూలు బిగించే రంధ్రాలు కూడా వేరుగా ఉండవచ్చు.

క్యాబినెట్ చిన్నదన్నారు. పెద్ద ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ గరిష్ఠంగా 244 × 244, మినీ ఐటీఎక్స్ 170 × 170. మీది బహుశా మైక్రో ఏటీఎక్స్ వరకు పడుతుంది. పాత బోర్డును స్కేలుతో కొలిస్తే తేలిపోతుంది. బోర్డు కింద ఉండే ఇత్తడి కాళ్లలో కొత్త బోర్డు రంధ్రాలకు ఎదురుగా లేనివి ఏవైనా ఉంటే తీసేయండి, లేకపోతే బోర్డు అడుగున తగిలి షార్ట్ అవుతుంది. ప్రాసెసర్ కూలర్ గురించి బెంగ వద్దు. 1150, 1151, 1155, 1200 సాకెట్లన్నిటికీ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లే. పాత థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పూత) తుడిచేసి కొత్తది రాయండి, అంతే.

విండోస్ ఎం.2 ఎస్‌ఎస్‌డీలో (బోర్డులోనే నేరుగా దిగే సన్నని డిస్కులో) ఉంటే మాత్రం ఆగి చూడండి. చవక బోర్డుల్లో ఎం.2 స్లాట్ ఉండకపోవచ్చు. ఉన్నా, వేగమైన ఎన్‌వీఎంఈ రకాన్ని తీసుకుంటుందో, అంతకంటే నెమ్మదైన సాటా రకాన్ని తీసుకుంటుందో మాన్యువల్‌లో చూసుకోవాలి. బోర్డు మారాక విండోస్ యాక్టివేషన్ పోయిందంటే కంగారు పడకండి. లైసెన్సు బోర్డుతో ముడిపడి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ముందే జోడించి ఉంటే, యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో 'ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను' అన్న మార్గం ప్రయత్నించవచ్చు. డిస్కుకు బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారాన్ని గుప్తంగా ఉంచే విండోస్ సౌకర్యం) తాళం ఉంటే రికవరీ కీ ముందుగానే వెతికి పెట్టుకోండి. డిస్కు అసలు బూట్ కాకపోతే, పాత బోర్డులో లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో విండోస్ వేశారేమో చూసి, బయోస్‌లో ఆ పద్ధతిని అనుమతించే సీఎస్‌ఎం అమరికను ఆన్ చేయండి.

ఇంత చేయడం అవసరమా అన్నది వేరే ప్రశ్న. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో మీది లేదు. లినక్స్ వాడతారంటేనో, ఇంటర్నెట్ లేకుండా ఒకే పనికి వాడతారంటేనో ఈ మరమ్మతుకు అర్థం ఉంది. లేదంటే అదే డబ్బుకు ఇంకొంత కలిపి పన్నెండో తరం ప్రాసెసర్, దానికి డీడీఆర్4 స్లాట్లున్న హెచ్610 లేదా బీ660 బోర్డు చూడండి. మీ ర్యాములు అలాగే పనికివస్తాయి. అదే చిప్‌సెట్‌తో డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి, జాగ్రత్త. అక్కడ సాకెట్ 1700 కనుక కూలర్ రంధ్రాల దూరం 78 మిల్లీమీటర్లు, పాత కూలర్ నేరుగా బిగియదు.

ఏది కొన్నా, ముందు పాత బోర్డు నిజంగా పోయిందో లేదో ఇంకోసారి తేల్చుకోండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీసేసి, ఒకే ఒక్క ర్యాము ఉంచి, మానిటర్ తీగను బోర్డు వెనక పోర్టుకే తగిలించండి. ఐ5-7400 లోపలే గ్రాఫిక్స్ ఉంది. వేరే ఎస్‌ఎంపీఎస్‌తోనూ లేవకపోతే, పోయిన బోర్డు మీద ముద్రించిన మోడల్ పేరు, పక్కనే చిన్న అక్షరాల్లో ఉండే 'రెవ్' (ఆ మోడల్ ఎన్నో కూర్పో చెప్పే) అంకె రెండూ రాసి పంపండి. అదే మోడల్ వాడినది దొరికితే ఈ తిప్పలు సగం తప్పుతాయి. దొరక్కపోతే, మీరు చూసిన బోర్డు పేరు చెబితే దాని ప్రాసెసర్ల జాబితా నేనూ చూస్తాను.