శ్రీకాకుళం తీరపు పల్లెల్లో ఆరుబయట ఏం చేయవచ్చు?

పిల్లలతోనూ పెద్దవాళ్ళతోనూ కలిసి శ్రీకాకుళం తీరానికి వస్తున్నామని, గుళ్ళు కాకుండా ఆరుబయట గడపడానికి ఏమున్నాయో చెప్పమని అడిగారు. టెక్కలి ప్రాంతంలో పుట్టి పెరిగి, వచ్చిన బంధువులందరినీ ఈ ఊళ్ళు తిప్పే పని నెత్తిన వేసుకున్నవాడిగా నా సలహా ఒక్కటే: ముందు మీరు ఏ నెలలో వస్తారో తేల్చుకోండి, ఊళ్ళ సంగతి ఆ తరువాత. విశాఖలో మాదిరిగా టికెట్టు కొని ఎక్కే వినోదాలు ఇక్కడ పెద్దగా లేవు. పక్షులు, తాబేళ్ళు, వలలు తమ వేళకు తాము వస్తాయి, మనమే వాటి వేళకు వెళ్ళాలి.

శీతాకాలంలో వస్తే మొదట టెక్కలి దగ్గరి తేలినీలాపురం వెళ్ళండి. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు అక్టోబరు ప్రాంతంలో వచ్చి ఊళ్ళోని చింతచెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెబుతారు గాని, నిజానికి రెండూ మన దక్షిణాసియా పక్షులే. గూడు కనిపించే చోట కాసేపు ఓపికగా నిలబడితే, పెలికాన్ పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి మెడ దాకా దూర్చి, సగం అరిగిన చేపను లాక్కుని తినడం చూడవచ్చు. మా ఇంటి పిల్లలు జంతుప్రదర్శనశాలలో కూడా అంతసేపు కదలకుండా నిలబడలేదు. చెట్ల కింద నడిచేటప్పుడు టోపీ పెట్టుకోవడం మరవకండి, కారణం అక్కడికి వెళ్ళగానే మీకే తెలుస్తుంది. దగ్గరలోని నౌపడ ఉప్పు మడుల గట్ల మీద ఉదయపు నడక కూడా బాగుంటుంది.

వర్షాకాలమైతే ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి మేలు. అక్కడికి నత్తగుల్ల కొంగలు వస్తాయి. పెద్ద కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది, కొంగపిల్లలకు ఆ సందు ఉండదు. బైనాక్యులర్ ఉంటే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇవి వస్తే వానలు బాగా పడతాయని ఊరివాళ్ళ నమ్మకం కాబట్టి, వాటిని బెదిరించేవారిని అక్కడ ఎవరూ ఊరుకోరు.

ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ప్రధానంగా జనవరి నుంచి మార్చి వరకు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి, ఒక్కోటి వందకు పైగా గుడ్లు పెడతాయి. తీరంలో అక్కడక్కడ ఆ గుడ్లను సేకరించి కంచె లోపల ఇసుకలో పాతిపెడతారు, దాదాపు యాభై రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. వాటిని సముద్రంలోకి వదలడం చూడాలంటే ముందురోజే అటవీ సిబ్బందిని అడిగి, తెల్లవారకముందే వెళ్ళాలి. టార్చిలైటు, ఫోను ఫ్లాష్ వాడకండి, ఎందుకంటే తాబేలు పిల్లలు వెలుతురును బట్టే దారి వెతుక్కుంటాయి.

సముద్రస్నానం విషయంలో మాత్రం నేను కాస్త కఠినంగానే చెబుతాను. మహేంద్రతనయ కలిసే బారువలో గాని, వంశధార కలిసే కళింగపట్నంలో గాని నదీ ముఖద్వారం దగ్గర నీళ్ళలోకి దిగవద్దు. పైకి ప్రశాంతంగా కనిపించినా అడుగున లాగుడు ఎక్కువ. దానికి బదులు పొద్దున్నే మత్స్యకారులు ఒడ్డు నుంచి పెద్ద వల లాగే చోటికి వెళ్ళండి, అడిగితే తాడు పట్టుకోనిస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో ఒడ్డున సందడి తక్కువ.

కళింగపట్నం వెళ్ళినవారు శాలిహుండం కొండ ఎక్కకుండా తిరిగి రాకూడదని నా అభిప్రాయం. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గుర్తించిన బౌద్ధ స్తూపాలు, చైత్యాలు (ప్రార్థనా మందిరాలు) అక్కడున్నాయి, పైనుంచి వంశధార కనిపిస్తుంది. ఎక్కడం కష్టం కాదు గాని, ఎండ తగ్గాక వెళితే పెద్దవాళ్ళకు సులువుగా ఉంటుంది.

వేసవిలో పలాస చుట్టుపక్కలి ఉద్దానం ప్రాంతపు కొబ్బరి, జీడి తోటల్లో సైకిలు మీద తిరగవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరిచెట్లను కూల్చిన చోట ఇప్పుడు లేత తోటలు కనిపిస్తాయి. జీడిపండు రసం బట్టల మీద పడితే మరక పోదు, పచ్చి పిక్క పెంకులోని జీడి, అంటే ఘాటైన నూనె, తగిలితే చర్మం పొక్కుతుంది, కాబట్టి పిల్లలను పచ్చి పిక్క కొరకనివ్వకండి.

అక్టోబరు, నవంబరుల్లో వచ్చేట్టయితే తుపాను హెచ్చరికలు చూసుకుని బయలుదేరండి. ఉద్దానం, బారువ వైపు వెళ్ళేవారు పలాసలోనూ, కళింగపట్నం వైపు వెళ్ళేవారు శ్రీకాకుళం రోడ్డు స్టేషనులోనూ రైలు దిగాలి. తీరపు పల్లెల్లో బస దొరకడం కష్టం కాబట్టి శ్రీకాకుళం, టెక్కలి, పలాసల్లో ఒకచోట గది తీసుకుని రోజూ ఉదయాన్నే బయలుదేరడం మంచిది.