టెక్ సందేహాలు: పాట చివరి సైకిలు దాకా వినబడాలంటే...

ప్రశ్న: మేం పన్నెండు మందిమి ప్రతి ఆదివారం తెల్లవారుజామున కర్నూలు నుంచి ఓర్వకల్లు రాక్ గార్డెన్స్ దాకా సైకిళ్ల మీద వెళ్లొస్తాం. ముందు సైకిలు హ్యాండిల్‌కు బ్లూటూత్ స్పీకరు కట్టాం కానీ వెనకవాళ్లకు వినబడటం లేదు. 12 వోల్టుల బ్యాటరీతో నడిచే '1000 వాట్ల' యాంప్లిఫైయర్ పెట్టించుకోమంటున్నారు. కొనవచ్చా?

జవాబు: వద్దండి. ఆ వెయ్యి డబ్బా మీద ఉండే అంకె. వోల్టేజీని పెంచే సర్క్యూట్ లేని యాంప్లిఫైయర్ 12 వోల్టులతో 4 ఓమ్‌ల స్పీకరుకు పాట చెడకుండా ఇచ్చేది చానెల్‌కు (పాటలోని ఎడమ, కుడి భాగాల్లో ఒక్కోదానికి) మహా అయితే 18 వాట్లు. మీకు అది చాలు.

మీ అసలు చిక్కు దూరంతో. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. స్పీకరును ఆరో సైకిలుకు మార్చి చూడండి. చివరివాళ్లకు దూరం సగమై 6 డెసిబెల్స్ కలిసొస్తాయి. అదే తేడా వాట్లతో తేవాలంటే నాలుగు రెట్ల పవర్ కావాలి. ఇదైతే పైసా ఖర్చు లేని పని.

అప్పటికీ చాలకపోతే రెండు కారు స్పీకర్లు తీసుకోండి. వాట్లు పక్కన పెట్టి 'సెన్సిటివిటీ', అంటే ఒక్క వాటుకు మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో అడగండి. 86 డెసిబెల్స్ స్పీకరు 40 వాట్లకు ఇచ్చే శబ్దాన్ని 92 ఉన్నది 10 వాట్లకే ఇస్తుంది. ఒకటి హ్యాండిల్ మీద ముందుకు, మరొకటి క్యారియర్ మీద వెనక్కి తిప్పి కట్టండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి రెండు చానెళ్లనూ కలిపి పంపే 'మోనో ఆడియో' ఆన్ చేయండి. లేదంటే ముందువాళ్లకు ఒక చానెల్, వెనకవాళ్లకు ఇంకో చానెల్ మాత్రమే అందుతాయి.

యూపీఎస్‌లో వాడే 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే కొలత) లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండు కిలోలు దాటుతుంది. దాదాపు అంతే కరెంటు దాచుకునే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ అందులో సగం బరువు కూడా ఉండదు. ధర ఎక్కువైనా నేను దానికే ఓటేస్తాను. ప్లస్ వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు వేయించడం మాత్రం మానకండి. గుంతల కుదుపులకు వైరు క్యారియర్ అంచున ఒరుసుకుని పైతొడుగు ఊడితే షార్ట్ అవుతుంది. క్యారియర్ మీద పాత ట్యూబు ముక్క పరిచి, బ్యాటరీ బాక్సును పడుకోబెట్టి, ఇంకో ట్యూబుతో అడ్డంగా, నిలువుగా బిగించండి. నేను మొదట్లో నిలబెట్టి కట్టాను. మలుపు తిరిగినప్పుడల్లా సైకిలు పక్కకు గుంజేది.

ఒక్కమాట గట్టిగా చెప్పాలి. మీరు వెళ్లేది 40వ జాతీయ రహదారి. స్పీకరు మోసే మనిషికే వెనక లారీ హారన్ అందరికన్నా తక్కువ వినబడుతుంది. అందుకే వాల్యూమ్ ఎంత ఉండాలో ఆయనే పెట్టాలి, మిగతావాళ్లు ఎంత అడిగినా సరే. ఇంకోటి, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్ స్పీకరు వాడకూడదు. ఐదున్నరకే బయల్దేరితే ఆ అరగంట పాట లేకుండానే తొక్కండి.

ప్రశ్న: కడప నుంచి పుష్పగిరి వెళ్తుంటే హ్యాండిల్ మీది బ్లూటూత్ స్పీకరులో పాట తెగితెగి వస్తోంది. స్పీకరు చెడిందా?

జవాబు: ఫోన్ ప్యాంటు వెనక జేబులో ఉందేమో చూసుకోండి. మన ఒంట్లోని నీరు బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను పీల్చేస్తుంది. ఫోన్‌ను హ్యాండిల్ సంచిలో పెట్టండి, చాలావరకు అక్కడితో సరిపోతుంది.