మారేడుమిల్లి ఘాట్: దిగేటప్పుడు వెనక బ్రేకు ఎందుకు పట్టలేదంటే

అమలాపురం నుంచి 125 సీసీ బండి మీద ఇద్దరు, కిందటిసారి మారేడుమిల్లి దాటాక చింతూరు ఘాట్ దిగుతుంటే వెనక బ్రేకు పట్టడం మానేసింది, మళ్లీ వెళ్లొచ్చా అన్నారు కదండీ. శుభ్రంగా వెళ్లొచ్చండి. కోనసీమలో కాలవగట్ల మీద టాప్ గేరులో, కాలిబ్రేకుతోనే నడిపి అలవాటు మనకి. ఘాట్‌లో అదే చేస్తే డ్రమ్ము (వెనక చక్రం మధ్యలో బ్రేకు ఉండే గుండ్రటి డబ్బా) కాలిపోయి, దాన్ని లోపల్నుంచి ఒత్తే షూలు పట్టు వదిలేస్తాయి, అంతే.

ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, 2 గానీ 3 గానీ. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో మాత్రం వదలొద్దు. మలుపుకి ముందే రెండు బ్రేకులూ కలిపి నొక్కి, వదిలి, అప్పుడు తిరగండి. కాలిన వాసనొస్తే పావుగంట ఆగండి. డ్రమ్ము మీద నీళ్లు పొయ్యకండి బాబూ!

బయల్దేరేముందు షూల అరుగుదల చూపించండి. వెనక టైరులో గాలి, బండికి అంటించిన స్టిక్కరు మీద ఇద్దరికి ఎంత రాస్తే అంత ఉండాలి. చెయిన్ మరీ బిగించొద్దు, వెనక మనిషి కూర్చుంటే ఇంకా బిగుస్తుంది.

దారి రావులపాలెం, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. ట్యాంకు రంపచోడవరంలోనే నింపేయండి. చీకటి పడ్డాక ఘాట్ ఎక్కొద్దు, రాత్రికి మారేడుమిల్లిలో ఉండిపోండి. బొంగు చికెన్ ఎలాగూ తింటారు.