బ్యాంకు ఉద్యోగానికి చెప్పులు: సాయంత్రం వెళ్లి కొనండి

బ్యాంకు ఉద్యోగానికి ఎలాంటి చెప్పులు కొనాలని అడుగుతూ, మెట్రో దిగి పావుగంట నడుస్తానని, రెండంగుళాల ఎత్తు మడమల వల్ల సాయంత్రానికి వేళ్లు మండిపోతున్నాయని రాశారు. అలాగని పూర్తిగా చదునైనవి కొనకండి. ఆరు నెలలు అవే వాడితే నాకు మడమ నొప్పి పట్టుకుంది. చెప్పుకు అంగుళం ఎత్తు, వెడల్పైన మడమ చాలు.

కొనడానికి సాయంత్రమే వెళ్లండి. రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన జత అప్పటికి బిగుస్తుంది. రెండు పాదాలూ చాలామందికి ఒకే కొలతలో ఉండవు కాబట్టి రెండూ తొడిగి, పెద్ద పాదానికి తగ్గ సైజు తీసుకోండి. నిలబడినప్పుడు అన్నిటికన్నా పొడవైన వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ‘వాడుతుంటే వదులవుతుంది’ అని దుకాణంలో అంటారు. తోలు పక్కలకు కాస్త సాగుతుంది గానీ పొడవు పెరగదు, నమ్మకండి.

తర్వాత చేత్తో వంచి చూడండి. వేళ్ల మొదట్లో వంగాలి. సరిగ్గా నడుమ మడత పడితే అది పాదాన్ని మోయదు, పక్కన పెట్టేయండి.

రంగు సంగతికొస్తే, మెరుపులు లేని నలుపు లేదా ముదురు గోధుమ, వెనక పట్టీతో ఉంటే చీరకూ చుడీదారుకూ హుందాగా ఉంటుంది. వానలో తడిస్తే లోపల పాత కాగితాలు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది.