నారింజ చెట్ల నీడన రుచుల నడక

ప్రశ్న: ఈస్టర్ సెలవులకు మావారితో కలిసి స్పెయిన్ వెళ్తున్నాను. సెవియా నగరంలో రెండున్నర రోజులుంటాము. అక్కడి పాత నగరంలో గైడు వెంట నాలుగైదు చోట్ల ఆగి రుచులు చూసే నడకకు మనిషికి 80 యూరోలు అడుగుతున్నారు. నేను గుడ్డు తింటాను గానీ మాంసం, చేప ముట్టను. ఆయనకు ఏ పట్టింపూ లేదు. అంత డబ్బు పోసి నేను బ్రెడ్డు ముక్కలు తిని రావాలా?
— ఒక పాఠకురాలు

జవాబు: వెళ్ళండి, అయితే దిగిన మొదటి రోజే వెళ్ళండి. ఆ నడకలో మీరు తినే పదార్థాలను విడిగా కొనుక్కుంటే అందులో సగం డబ్బు కూడా కాకపోవచ్చు. మిగతా సొమ్ము అక్కడ తినే పద్ధతి నేర్పినందుకు ఇచ్చే గురుదక్షిణ అనుకోండి. సెవియాలో తపా అంటే రెండు మూడు ముద్దల్లో అయిపోయే చిన్న పళ్ళెం. జనం బల్ల దగ్గర నిలబడే ఒకటి రెండు తిని, పానీయం ముగించి, మరో బారుకు నడుస్తారు. అదే పదార్థాన్ని ‘రాసియోన్’ అని అడిగితే ఇద్దరు ముగ్గురు పంచుకునేంత వస్తుంది. ఈ తేడా తెలియక మొదటి చోటే కడుపు నింపుకుని బయటపడే యాత్రికులు చాలామంది. మొదటి రోజు గైడు వెంట తిరిగితే, మిగిలిన రోజున్నర మీ అంతట మీరే తిరగగలరు.

ఇక మీ శాకాహారం సంగతి. టికెట్టు కొనేటప్పుడే ఈ విషయం రాతపూర్వకంగా తెలియజేయండి. నడక మొదలయ్యాక చెబితే గైడు చేయగలిగింది తక్కువ. ‘మాంసం వద్దు’ అని మాత్రం చెప్పి ఊరుకోకండి. అక్కడ చాలామంది దృష్టిలో హామోన్, అంటే ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది తొడ, మాంసం లెక్కలోకి రాదు. అందుకే ‘నో కోమో కార్నే, నీ హామోన్, నీ పెస్కాదో’ (మాంసం తినను, హామోన్ తినను, చేప తినను) అని మూడూ విడివిడిగా చెప్పాలి. టమాటా, బ్రెడ్డు, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి నూరి చల్లగా వడ్డించే సాల్మోరేహో పేరుకు శాకాహారమే గానీ, పైన గుడ్డు ముక్కలతో పాటు హామోన్ తురుమూ చల్లుతారు. మాంతెకాదో అనే మిఠాయిలో పడేది పంది కొవ్వు. దాని బదులు పల్చగా కరకరలాడే, ఆలివ్ నూనెతో చేసిన తోర్తా తినవచ్చు.

మీరు తప్పక రుచి చూడవలసింది ‘ఎస్పినాకాస్ కోన్ గార్బాన్సోస్’. పాలకూర, శనగలు, జీలకర్ర, వెల్లుల్లి, వీటికి చిక్కదనం కోసం నూనెలో వేయించి నూరిన బ్రెడ్డు. చిన్న మట్టి మూకుడులో ముదురు పచ్చగా, పైన నూనె తేలుతూ వస్తుంది. 1670 నాటి ఎల్ రింకోన్సియో అనే బారులో ఇది దొరుకుతుంది. అక్కడ మీ లెక్కను మీ ముందున్న చెక్క బల్ల మీదనే సుద్దముక్కతో రాసి, డబ్బు చెల్లించగానే తుడిచేస్తారు. జీలకర్ర వాసన రాగానే ఇది మన వంటే కదా అనిపిస్తే ఆశ్చర్యపోకండి. 1248 వరకు ఆ నగరం ముస్లిం పాలకుల చేతిలో ఉంది. వీధుల వెంట చెట్లకు కనిపించే కాయకు స్పానిష్ పేరు నరాన్హా, అంటే అరబ్బుల మీదుగా అక్కడికి చేరిన మన నారింజే. ఆ కాయలను మాత్రం కోసుకుని తినబోకండి, నోరు చేదెక్కిపోతుంది.

కొన్ని నడకలు సన్యాసినుల మఠం గుమ్మం దాకా తీసుకువెళ్తాయి. సాన్ లియాంద్రో మఠంలో గుడ్డు పచ్చసొన, పంచదారతో యేమాలు అనే మిఠాయిలు చేసి అమ్ముతారు. గోడలో అమర్చిన, గుండ్రంగా తిరిగే చెక్క అర లోపల డబ్బు పెడితే, అది తిరిగి మిఠాయి పెట్టెతో వస్తుంది. అవతలి మనిషి కనిపించదు, గొంతు మాత్రం వినిపిస్తుంది. నా మట్టుకు నాకు మిఠాయి కన్నా ఆ అరే నచ్చింది, యేమా మరీ తీపి.

మీవారికి ఒక్క మాట. హామోన్ కొనేటప్పుడు దానికి కట్టిన చీటీ రంగు చూడమనండి: నల్ల చీటీ అంటే నూరు శాతం ఇబేరికో జాతి పంది, ఓక్ కాయలు తింటూ తోపుల్లో తిరిగినది, తెల్ల చీటీ అంటే దాణాతో పెంచినది. ఇక తపా అనే పేరు వెనుక గైడు ఎవరో ఒక రాజు కథ తప్పక చెబుతాడు. వినండి, నమ్మనక్కరలేదు, తపా అంటే మూత అన్నది మాత్రం నిజమే.

మీ తేదీలు ఈస్టర్‌కు ముందు వారంలో పడితే, ఊరేగింపులతో మధ్యాహ్నం నుంచి వీధులు మూసుకుపోతాయి కాబట్టి పగటి నడకే ఎంచుకోండి. ఆ రోజుల్లోనే వైన్‌లో నానబెట్టి వేయించి తేనెలో ముంచిన బ్రెడ్డు, తోర్రీహా, ప్రతిచోటా దొరుకుతుంది. మామూలు రోజుల్లో అక్కడ రాత్రి భోజనం తొమ్మిదికి గాని మొదలవదు, కనుక సాయంత్రం ఆరింటికే వడ్డించే చోటు కనిపిస్తే అది యాత్రికుల కోసమేనని అర్థం.

ప్రశ్న: స్పెయిన్‌లోనే గ్రనాదా నగరంలో తపా ఉచితమట కదా! సెవియా బదులు అక్కడే నడిస్తే డబ్బు మిగలదా?
— మరో పాఠకుడు

జవాబు: మిగులుతుంది. అక్కడ పానీయం కొంటే పళ్ళెం దానితో పాటే వస్తుంది, కానీ అందులో ఏముండాలో సాధారణంగా బారువాడే నిర్ణయిస్తాడు. అన్నీ తినేవారికి అది సరదా. పై ప్రశ్న అడిగిన పాఠకురాలి వంటివారు మాత్రం వచ్చిన పళ్ళేన్ని పక్కవారి ముందుకు జరపవలసి ఉంటుంది. ఆమెకు డబ్బిచ్చి కోరుకున్నది తెప్పించుకునే సెవియానే మేలు.