ఇంజినీరింగ్ చదివి మళ్లీ చేను గట్ల మీదికేనా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. సాయిల్ అండ్ వాటర్ కన్జర్వేషన్‌లో (నేల, నీటి సంరక్షణ) ఎంటెక్ చేస్తానంటాడు. 3 నెలల డ్రోన్, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) కోర్సు చేయించి హైదరాబాద్‌లో ఉద్యోగం చూద్దామని మా ఆలోచన. మాకు ఆరెకరాల మెట్ట ఉంది. ఆ కష్టం వాడికి వద్దనే చదివించాం. ఏది మేలు?
– ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: ఈ ఉత్తరం నాకు కొత్త కాదండీ. ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది. లోపలున్న టెన్షన్ మాత్రం ఒకటే: ఇంత ఖర్చుపెట్టి చదివిస్తే మళ్లీ మట్టిలోకేనా, నలుగురూ ఏమనుకుంటారు?

ముందు ఆ 3 నెలల కోర్సు సంగతి. మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ పాఠాలూ ఉచితమే. ఇస్రో వాళ్ల భువన్ మ్యాపులు ఫోన్‌లోనే చూడొచ్చు. సెలవుల్లో నేర్చుకోగలిగినదానికి వేలకు వేలు కట్టడం నాకు మింగుడుపడదు. అలాంటి కోర్సులు చేసి, పొద్దస్తమానం శాటిలైట్ ఫొటో మీద ఇళ్ల అంచులు గీస్తూ కూర్చున్న పిల్లల్ని చాలామందిని చూశాను. ఆ పనికి మీవాడి నాలుగేళ్ల చదువు అక్కర్లేదు.

మ్యాపు ఎక్కడిదాకా పనికొస్తుందో చెప్తాను. ఉచితంగా దొరికే ఎత్తుపల్లాల డేటా ఎక్కువగా 30 మీటర్ల గడులది. ఎకరానికి నాలుగైదు గడులు, గడి మొత్తానికీ ఒకటే ఎత్తు. పై నుంచి కిందికి వాటర్‌షెడ్ (వాననీళ్లన్నీ ఒకే వంకలోకి చేరే ప్రాంతం) మొత్తం చూసి కందకాలు ఎక్కడ, గట్లు ఎక్కడ, చెక్‌డ్యాం ఎక్కడ అని అంచనా వేయడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఉపాధి హామీ పనుల ప్లానింగ్‌కి 2021లో కేంద్రం యుక్తధార అనే మ్యాపుల పోర్టల్ తెచ్చింది అందుకే. కానీ చేనులో అరడుగు వాలు దానికి కనపడదు, వాననీళ్లేమో ఆ అరడుగు చూసుకునే పారతాయి. ఒకసారి ఒక కుర్రాడి మ్యాపులో వంక చేను నడిమధ్యగా పోతోంది. వెళ్లి చూస్తే నీళ్లు పక్కనున్న పాత బండిబాట పట్టాయి, బాట మోకాలిలోతు కోసుకుపోయి ఉంది. ‘మీ గీత మీద కుంట తవ్వితే ఫొటోకి బాగుంటుంది సార్, నీళ్లు రావు’ అన్నాడు ఆ చేను రైతు.

మీవాడు ఏ వానకి ఏ గట్టు తెగుతుందో చిన్నప్పటి నుంచి చూశాడు. ఇంకొకరు ఎంటెక్ చేసినా రాని ఆ తెలివిని మీరు లోపమనుకుంటున్నారు! కోపగించుకోకండి, ఇక్కడ తప్పు మీదే.

ఎంటెక్‌కే నా ఓటు. మొదట్లో జీతం గొప్పగా ఉండదు, వాటర్‌షెడ్ ప్రాజెక్టుల్లో కాంట్రాక్టు పోస్టులు ఎక్కువ. అయినా మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థలు క్రీడా, ఇక్రిశాట్ లాంటివి హైదరాబాద్ చుట్టుపక్కలే ఉన్నాయి, పరిశోధన వైపూ దారి ఉంది. ప్రవేశ పరీక్ష వివరాలు మీకన్నా వాడికే బాగా తెలుసు.

ఈసారి పెద్ద వాన పడగానే ఇద్దరూ చేనికి వెళ్లండి. నీళ్లు మలుపు తిరిగిన ప్రతిచోటా ఫోన్‌లో జీపీఎస్ పాయింట్ పెట్టమనండి. ఆ ఆరెకరాల మ్యాపు ఒక్కటి ఇంటర్వ్యూకి పట్టుకెళ్తే చాలు.