బీపీని ఒంట్లో వెతక్కు, పుస్తకంలో చూడు

చిన్నా,

నిన్న ఫోన్‌లో "అత్తా, నాకు బీపీ ఉందంట" అని నువ్వు చెప్పిన తీరుకి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. 158/98 అన్నావు. 42 ఏళ్లకే ఇదేం ఖర్మ అని నీ బాధ. ఆ వెంటనే ఇంకో మాట అన్నావు చూడు, ఈ ఉత్తరం దాని కోసమే. "నాకేం తేడాగా లేదు, తల కూడా తిరగట్లేదు, మిషనే తప్పేమో" అన్నావు. మిషన్ తప్పయి ఉండొచ్చు, కాదనను. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను. తల తిరగట్లేదు కాబట్టి బీపీ లేదనుకోవడం మాత్రం, 19 ఏళ్ల కిందట నేను చేసిన పొరపాటే.

అప్పట్లో నాకు రోజుకో మాత్ర రాశారు. మూడు నెలలు వేసుకుని చూపిస్తే 128/80. హమ్మయ్య, తగ్గిపోయింది అనుకుని మానేశాను. తగ్గింది మాత్ర వేసుకుంటున్నందుకేనన్న ఇంగితం నాకు లేకపోయింది. ఏడాది పైగా ఏమీ కాలేదు. హాయిగా తిరిగాను, హాయిగా నిద్రపోయాను. తర్వాత ఒకరోజు కళ్లజోడు మార్చుకుందామని వెళ్తే, కంటి డాక్టరు చుక్కల మందు వేసి, లైటు పెట్టి లోపల చూస్తూ చూస్తూ ఆగి, "మీకు బీపీ ఎన్నాళ్లుగా ఉందమ్మా?" అని అడిగారు. నేను చెప్పలేదు, నా కన్నే చెప్పింది. కోత పెట్టకుండా రక్తనాళాల్ని నేరుగా చూడగలిగే చోటు కంటి వెనక పొరే. అక్కడ నా ధమనులు సన్నబడిపోయి, సిరల్ని దాటే చోట వాటిని నొక్కేస్తున్నాయట. ఒక మూల చిన్న నెత్తుటి మరక కూడా ఉందట. నాకు చూపులో ఇసుమంత తేడా తెలియలేదు. తేడాగా లేదన్న మాట మీద నమ్మకం నాకు ఆ రోజుతో పోయింది.

బీపీ తీరే అంత. గుండె ముడుచుకుని రక్తాన్ని నెట్టినప్పుడు నాళాల గోడల మీద పడే ఒత్తిడి పై అంకె, గుండె సడలినప్పుడు మిగిలి ఉండే ఒత్తిడి కింది అంకె. నాళాల గోడలకి నొప్పి తెలియదు, అవి ఊరికే మందంగా, బిరుసుగా మారుతూ పోతాయి. ఎప్పుడూ బరువు మోసేవాడి కండలాగా గుండె కండరం దళసరెక్కుతుంది, కానీ ఇది మురిసిపోవాల్సిన కండ కాదు. కిడ్నీలోని జల్లెడ కంతలు పాడై మూత్రంలోకి ప్రొటీన్ జారుతుంది. వీటిలో ఏదీ నీకు తెలియదు. ప్రపంచంలో బీపీ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి అది ఉన్నట్టే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తలనొప్పి వస్తే బీపీ అనుకుని హడావిడిపడేవాళ్లని చాలామందిని చూశాను. చాలాసార్లు అది ఉత్త తలనొప్పే.

అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంగతి విన్నావా? 1944 మార్చిలో ఆయన బీపీ 186/108. అప్పటికి దాన్ని సరిగా తగ్గించే మందులు లేవు. వయసుతో పాటు పెరగడం మామూలేనని, కదిలించకుండా వదిలేయడమే మేలని అనుకునే డాక్టర్లు కూడా ఆ రోజుల్లో ఉండేవారు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై 63 ఏళ్లకే పోయాడు. ఆ రోజు చూస్తే 300/190. అంతటివాడికి దొరకని మాత్ర ఇవాళ నీకు డాక్టరు చీటీ రాస్తే దొరుకుతోంది, నువ్వేమో "అలవాటైపోతుందేమో అత్తా" అంటున్నావు.

సరే, మిషన్ సంగతికి వస్తాను. ఇక్కడ నీ అనుమానం నాకూ ఉంది, ఎందుకంటే ఆ రోజు ఎలా చూపించుకున్నావో నువ్వే చెప్పావు. బండి పార్క్ చేసి పరుగున మెట్లెక్కావు, అంతకుముందే కాఫీ తాగావు, జబ్బకి కఫ్, అదే గాలి నిండే పట్టీ, చుడుతుంటే ఫోన్‌లో ఆఫీసువాళ్లతో మాట్లాడుతున్నావు. అందులో ఏ ఒక్కటి చాలు అంకె పైకి పోవడానికి. ఊరికే కబుర్లు చెబుతూ చూపించుకున్నా 10 దాకా పెరగొచ్చు.

అందుకని నువ్వు ముందు చేయాల్సింది ఇది. జబ్బకి చుట్టే మిషన్ ఒకటి కొనుక్కో. మణికట్టు మిషన్ వద్దు, చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా దాని లెక్క మారిపోతుంది. కొనేముందు టేపుతో నీ జబ్బ చుట్టుకొలత చూసుకో. కఫ్ మీద ఎన్ని సెంటీమీటర్ల నుంచి ఎన్నింటిదాకా అని రాసి ఉంటుంది. నీ జబ్బలు మీ నాన్నవిలాగే లావు కదా, మామూలు కఫ్ బిగుతైతే లేని బీపీని కూడా చూపిస్తుంది.

పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ తాగకముందు, మాత్ర వేసుకోకముందు కుర్చీలో కూర్చో. వీపు ఆనించు, పాదాలు రెండూ నేలకి ఆనాలి, కాలు మీద కాలు వద్దు. చొక్కా చెయ్యి పైకి లాగి బిగించకు, తీసేయ్. బల్ల మీద చెయ్యి పెడితే కఫ్ గుండె ఎత్తులో ఉండాలి, చెయ్యి కిందికి వేలాడేస్తే అంకె ఎక్కువ వస్తుంది. అలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చో. ఫోన్ పక్క గదిలో పెట్టు, నీకు అన్నిటికంటే కష్టం అదేనని తెలుసు. అప్పుడు మీట నొక్కు. నిమిషం ఆగి మళ్లీ నొక్కు. రెండూ రాయి. సాయంత్రం మళ్లీ ఇంతే. మొదటిసారి మాత్రం రెండు చేతులకీ చూసుకో, ఏ చేతికి ఎక్కువ వస్తే ఇక ఎప్పుడూ ఆ చేతికే. ఏడు రోజులు చేస్తే 28 లెక్కలు వస్తాయి. కంగారులో తీసిన మొదటి రోజువి నాలుగూ కొట్టేసి, మిగతా 24కి సగటు కట్టు.

నా బీపీ అంకెలు రాసుకునే పుస్తకంలో పాత పేజీ ఒకటి తీశాను, చూడు. సోమవారం పొద్దున పై అంకె 151, నిమిషం తర్వాత 142. మంగళవారం 138, 136. బుధవారం 149, 147, పక్కనే "రాత్రంతా నిద్ర లేదు" అని పెన్సిల్‌తో రాసి ఉంది. గురువారం 134, 133. ఇందులో ఏది నా బీపీ? సోమవారం నాటి 151 ఒక్కటే చూసినవాడు భయపడతాడు, గురువారం 133 ఒక్కటే చూసినవాడు మాత్ర మానేస్తాడు. బీపీ గంటగంటకీ మారేదే, నాలుగు రోజులు పక్కపక్కన పెడితే తప్ప దాని నడక తెలియదు.

ఆసుపత్రిలో అయితే 140/90, ఇంట్లో ఇలా కట్టిన సగటు అయితే 135/85 దాటితే బీపీ అనడం ఎక్కువ చోట్ల ఉన్న లెక్క. అమెరికావాళ్లు 2017 నుంచి 130/80 దగ్గరే గీత గీశారు. నీకు ఎంతలోపు ఉండాలో నీ డాక్టరే చెప్పాలి. కొందరికి తెల్లకోటు చూస్తేనే పెరుగుతుంది, ఇంట్లో మామూలుగా ఉంటుంది. కొందరికి అక్కడ మామూలుగా ఉండి ఇంటికొచ్చాక పెరుగుతుంది. ఈ రెండో రకం ఎవరికీ దొరకదు, పుస్తకానికి తప్ప.

మా నాన్నకి, అంటే మీ తాతయ్యకి, బీపీ ఉండేది. మీ నాన్నకి ఉంది, నాకు ఉంది. నీకు రావడంలో వింతేమీ లేదు. అయినా 42 ఏళ్లకే కాబట్టి కిడ్నీలు, థైరాయిడ్, రక్తంలో పొటాషియం, సుగరు, కొలెస్ట్రాల్, మూత్రంలో ప్రొటీన్, ఈసీజీ చూపించుకో. ఇంకొకటి. నీ గురక పక్క గదిలోకి వినిపిస్తుందని, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తావని మీ ఆవిడ చెప్పింది. అది నవ్వులాటగా తీసేయకు, డాక్టరుకి చెప్పు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు బీపీని ఎంతకీ దిగనివ్వదు.

ఉప్పు తగ్గించానన్నావు. సంతోషం. పైన చల్లుకోవడం మానేయడమేనా, లేక మొత్తం తగ్గించావా? రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచా కూడా కాదు, అందులోనే వంటలో వేసిందీ ప్యాకెట్లలో వచ్చిందీ అన్నీ ఇమడాలి. ప్యాకెట్ వెనక ఉప్పు అని రాయరు, సోడియం అని రాస్తారు. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. ఆ లెక్క 100 గ్రాములకి రాస్తారు, నువ్వు తినేదేమో 200. ఉప్పు రంగు మారినా, పేరు మారినా సోడియం సోడియమే. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే మాత్రల్లో కూడా అది బోలెడు ఉంటుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు మంచిదే, కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకీ కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లకీ ప్రమాదం. అడక్కుండా మొదలుపెట్టకు.

బరువు తగ్గితే కిలోకి సుమారు ఒక పాయింట్ చొప్పున బీపీ దిగుతుంది, నువ్వు ఓ ఎనిమిది కిలోలు తగ్గగలవు. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత ఆయాసంతో నడువు. సిగరెట్టు గురించి నీకు చెప్పి చెప్పి నా నోరు అరిగింది. మందు తాగడం తగ్గించు. టెన్షన్ వల్లే బీపీ అంటావు గానీ, టెన్షన్ మీదికి నెట్టేసి మిగతా అన్నీ వదిలేసేవాళ్లని చూసి చూసి నాకు ఆ మాటంటే విసుగు. ఉద్యోగం మారినా బీపీ నీతోనే వస్తుంది.

ఇవన్నీ చేసినా మాత్ర అవసరం కావచ్చు. అందులో ఓడిపోయిందేమీ లేదు. నాకు రెండోసారి రామిప్రిల్ ఇచ్చారు. రెండు నెలలు పొడిదగ్గు. దగ్గు సిరప్‌లు తాగాను, ఆవిరి పట్టాను, ఆఖరికి అది మాత్ర వల్ల వచ్చే దగ్గని తేలి టెల్మిసార్టన్‌కి మార్చారు, పది రోజుల్లో పోయింది. అమ్లోడిపిన్ కొందరికి చీలమండల దగ్గర వాపు తెస్తుంది. మూత్రం ఎక్కువ పోయే మాత్ర పొద్దున వేసుకోకపోతే రాత్రి నిద్ర ఉండదు. ఏది పడకపోయినా మానేయకు, వెళ్లి చెప్పు, మార్చడానికి చాలా రకాలున్నాయి. అటెనొలాల్ లాంటివి ఠక్కున ఆపితే గుండెకే ముప్పు. ఒకపూట మర్చిపోతే తర్వాతి పూట రెండు వేసుకోకు. నీ మాత్రలు ఇంకెవరికీ ఇవ్వకు, గర్భిణులకైతే నేను చెప్పిన ప్రిల్, సార్టన్ మందులు అసలు పనికిరావు.

నడుంనొప్పికి నువ్వు మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బీపీని పెంచుతాయి, బీపీ మాత్ర పనిని కూడా చెడగొడతాయి. జలుబుకి ముక్కు దిబ్బడ తీసే కొన్ని మాత్రలూ అంతే. మందుల షాపులో "నాకు బీపీ ఉంది" అని ముందే చెప్పడం అలవాటు చేసుకో.

ఎప్పుడైనా 180/120 దాటితే ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ చూడు. అప్పుడూ అంతే ఉండి, ఛాతీలో నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, చూపు మసకబారడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా బండి తీయకు, అంబులెన్స్ పిలు. ఆ లక్షణాలు కనిపిస్తే మిషన్ కోసం వెతుకుతూ కూర్చోకు, అంకె ఎంతున్నా సరే. లక్షణాలేవీ లేకపోతే కంగారుపడి అదనంగా మాత్రలు మింగకు, అదే రోజు డాక్టరుకి ఫోన్ చెయ్. బీపీ వెంటనే దించడానికి నాలుక కింద క్యాప్సూల్ పిండుకునే పాత పద్ధతి ఎవరైనా చెబితే వినకు, బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకి రక్తం అందదు.

మిషన్ రేపే కొను. పుస్తకం నా దగ్గర కొత్తది ఒకటుంది, గీతలు కొట్టి పంపిస్తున్నాను, పొద్దున రెండు గడులు, సాయంత్రం రెండు గడులు, పక్కన రాసుకోవడానికి కాస్త ఖాళీ. ఏడు రోజులయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్లేముందు నాకు ఫోన్ చేసి అంకెలు చదివి వినిపించు. మొదటి రోజువి వద్దు.

మీ అత్త